రాతితల్లి వెనక తలుపు

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. అయినా ముప్ఫై ఏళ్ళుగా రోజుకు రెండుసార్లు బడికి వెళ్తూనే ఉన్నాను, వ్యాను తోలుకుంటూ. తెనాలిలో నా పసుపు వ్యాను ఎక్కి చదువుకున్న పిల్లల్లో డాక్టర్లయినవాళ్ళున్నారు, లాయర్లయినవాళ్ళున్నారు. ఇన్నేళ్ళూ గేటు దాకా పోయి, లోపల అడుగుపెట్టకుండా తిరిగొచ్చిన ఘనత మాత్రం నా ఒక్కడిదే.

బడి ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే, సినిమాలో వెయ్యడానికి అంటాను. ఏం వేషం అంటే, కన్నీళ్ళ వేషం అంటాను. ఇక్కడికి వచ్చేసరికి అడిగినవాడు టీ గ్లాసు కింద పెట్టి లేచిపోతాడు. నా మాట నమ్మే అలవాటు మా పేటలో ఎవరికీ లేదు. ఆ అలవాటు పోగొట్టింది కూడా నేనే. కానీ ఈ ఒక్కటీ నిజం.

నా చిన్నప్పుడు మద్రాసు నుంచి ఒక కంపెనీ జానపద సినిమా తియ్యడానికి మా వైపు వచ్చింది. పేరు చెప్పను. చెబితే ఫోన్లో వెతికి చూసి, ఈ చెత్త కోసమా బడి మానేశావు అంటారు. మాకు మాత్రం అది సినిమా కాదు, ఊరి పక్కన నిజంగా జరిగిన సంగతి. ఒక రాజకుమారుడు, కాలవలోంచి పైకి లేచి ఎగిరే పడవ, సముద్రం ఒడ్డున మాంత్రికుడి కోట, చివర్లో నది గట్టున రాతితల్లి. మాంత్రికుడి చేతిలో చచ్చిపోయిన రాజకుమారుణ్ణి తెచ్చి ఆ తల్లి పాదాల దగ్గర పడుకోబెడతారు. రాతి కంట్లోంచి ఒక్క చుక్క రాలి అతని నుదుటి మీద పడుతుంది. అతను లేచి కూర్చుంటాడు.

ఆ తల్లిని చేసింది మా నాన్న. తెనాలిలో బొమ్మలు చేసే పని ఆయనది. వెదురు చట్రం, దాని మీద గోనెపట్టాలు, వాటి మీద ప్లాస్టరు. లోపలంతా డొల్ల. గాలికి పడిపోకుండా పీఠంలో రెండు బండ్ల కంకర పోశాడు. తలలో ఒక రేకు డబ్బా, అందులోంచి కంటికి సన్నటి రబ్బరు గొట్టం, ఆ గొట్టానికి లారీ హారను తాలూకు రబ్బరు బంతి. వీపు మీద చిన్న చెక్క తలుపు. అందులోంచి దూరి, లోపల కూర్చుని, బంతి నొక్కడానికి ఒక బక్క ప్రాణి కావాలి. మా వీధిలో నా అంత బక్కవాడు లేడు. పది రోజులు బడి ఎగ్గొట్టి ఆవిడ కడుపులో ముడుచుకుని కూర్చున్నాను. నాన్న బయటి నుంచి ఆవిడ నడుం మీద రెండుసార్లు తడితే నొక్కాలి. పదకొండో రోజు బడికి వెళితే, ఇన్నాళ్ళూ ఏం చేశావురా అని హెడ్మాస్టరు అడిగారు. "ఏడుస్తున్నానండి" అన్నాను. ఆయన బెత్తం తీసి మిగతాది కూడా ఏడిపించి పంపారు. మళ్ళీ ఆ గేటు లోపలికి పోలేదు.

ఈ కథను నమ్మినవాడు మా బావ. మా అక్క మొగుడు, రేపల్లె మనిషి. కుర్రతనంలో ఆ సినిమా పదకొండుసార్లు చూశాడట. పెళ్ళయిన కొత్తలో మా ఇంటికొచ్చినప్పుడు నా కథ చెబితే, అందరిలా నవ్వలేదు. "ఎలా నొక్కావో చూపించు" అన్నాడు. గాల్లో నొక్కి చూపించాను. కాసేపు నా వేళ్ళ వంకే చూసి, "అయితే నన్ను పదకొండుసార్లు ఏడిపించిన వెధవ్వి నువ్వా" అని తొడ మీద గిల్లాడు. ఆ రోజు మొదలు మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళు మర్యాదగా పలకరించుకున్న పాపాన పోలేదు.

ఆ బావకు రెండు కిడ్నీలూ పోయాయి. మంగళ, గురు, శనివారాలు డయాలసిస్. రోజుకు అరలీటరు నీళ్ళు, అంతే. అక్క ఒక సీసా మీద మార్కరుతో గీతలు గీసింది, పొద్దుట ఇక్కడి దాకా, మధ్యాహ్నం ఇక్కడి దాకా అని. ఈ మధ్య మిషను మీద ఉండగానే బీపీ పడిపోవడం మొదలైంది. డాక్టరు అక్కను పక్కకు పిలిచి, ఇంక శరీరం ఎక్కువ కాలం తట్టుకోదమ్మా, తినాలనో చూడాలనో ఆయనకి ఏవన్నా ఉంటే కానివ్వండి అన్నాడు. తినాలని ఉన్నవన్నీ ఆ డాక్టరే ఏడాది క్రితం కాగితం మీద రాసిచ్చి నిషేధించాడు. ఇంక మిగిలింది చూడడమే.

"ఏం చూస్తావు బావా? తిరపతా, కాశీయా?"

"నువ్వు పది రోజులు కాపరమున్న ఆ రాతి బంగళా చూస్తాను" అన్నాడు.

అక్క ఒక్క క్షణం ఆలోచించి, "అవునండీ, అక్కడికే పోదాం" అంది. ఆవిడ లెక్క వేరు. షూటింగ్ అయిపోయాక కంపెనీవాళ్ళు బొమ్మను గట్టు కిందే వదిలేసి పోయారు. తర్వాత వచ్చిన వరదకు చుట్టుపక్కల పాకలన్నీ కొట్టుకుపోయాయి, బొమ్మ మాత్రం కదల్లేదు. నాన్న పోసిన కంకర సంగతి ఎవరికి తెలుసు? ముందు ఎవరో పసుపు రాశారు, తర్వాత ఎవరో చీర కట్టారు, ఆ పైన సిమెంటు, రంగు, రేకుల షెడ్డు. జబ్బు మనిషి తాలూకు ఆడవాళ్ళు ఆవిడ తల మీద మూడు బిందెలు నీళ్ళు పోస్తారు. కన్ను తడిస్తే మొక్కు అందినట్టు. ఈ సంగతి అక్కకు డయాలసిస్ వార్డులో పక్క మంచం తాలూకు ఆవిడ చెప్పింది.

శనివారం డయాలసిస్ అయింది. ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. వ్యాను వెనక 'బడి పిల్లలున్నారు, జాగ్రత్త' అని రాసి ఉంటుంది. బావ దాన్ని చదివి, "నిజమే, ఇద్దరమూ పాసవలేదు" అంటూ ఎక్కాడు.

ముందు సంగం జాగర్లమూడి దగ్గర కాలవ. బావ ఫోన్లో సినిమా పెట్టి, ఎగిరే పడవ దగ్గర ఆపి, ఫోన్ను కాలవకు అడ్డంగా పట్టుకున్నాడు. ఫోన్లో కాలవ నిండా నీళ్ళు, ఒడ్డున ఇద్దరు చెలికత్తెలు. ఎదురుగా గట్టు నుంచి గట్టు దాకా గుర్రపుడెక్క.

"పడవ ఇక్కడేనట్రా లేచింది?"

"ఇక్కడే. ఇప్పుడు కప్ప కూడా లేవదు."

గుర్రపుడెక్క మధ్య ఒక చోట జానెడు నీళ్ళు మెరుస్తున్నాయి. బావ ఫోను దించి వాటినే చూస్తూ నిలబడ్డాడు. పెదాలు నాలుకతో తడుపుకున్నాడు. అక్క సీసా మూత తీసి ఒక గుక్క పట్టించి, గీత దాటిందేమోనని వెలుగుకెత్తి చూసింది.

బాపట్లలో సూర్యలంక సముద్రం దగ్గర ఆదివారం జనం. మాంత్రికుడి కోట ఉన్నచోట కార్లు పెట్టుకుంటున్నారు. నిజానికి అప్పుడు కూడా కోటకు ముందు గోడ ఒక్కటే ఉండేది, వెనకంతా సరుగుడు కర్రలు. ఆ గోడ పని కూడా నాన్నదే, ఆయన క్యారేజీ తింటుంటే నేను ఆ కోట వెనక నీడలో ఆడుకునేవాణ్ణి. ఇదంతా చెబుతూ బావను ఇసుకలో నడిపించబోయాను. ఇరవై అడుగులు వేశాడో లేదో, కాళ్ళు దిగబడిపోయాయి. పడిపోతాడని చెయ్యి పట్టుకున్నాను.

"ఆ చెయ్యి కాదురా!" అని అక్క అరిచింది.

డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యి అది. దాన్ని పట్టి లాగకూడదు. అప్పటికే నా వేళ్ళ కింద రక్తం జుయ్యిమంటోంది, చర్మం కింద తేనెటీగను పెట్టి కుట్టేసినట్టు. వదిలేశాక కూడా ఆ అదురు నా వేళ్ళల్లో చాలాసేపు ఉంది. ఇసుకలో తిరిగే నాలుగు చక్రాల బండివాడు వచ్చి, "అంకుల్, రైడ్ కావాలా?" అని అడిగాడు.

"ఎగురుతుందా?" అన్నాడు బావ.

"లేదండి."

"అయితే వద్దులే నాయనా. ఎగిరేది ఇంకోటి నా కోసం బయల్దేరింది."

ఆ మాటకు నేను నవ్వాలి. మా మధ్య ఒప్పందం అదే. నవ్వాను. అక్క ముఖం సముద్రం వైపు తిప్పుకుంది.

రేపల్లె చేరేసరికి పన్నెండు దాటింది. తను సినిమా పదకొండుసార్లు చూసిన హాలు ఉన్నచోటు చూపించాడు బావ. ఇప్పుడది కల్యాణ మండపం. వ్యాన్లోనే అక్క క్యారేజీ విప్పింది. కూరముక్కల్ని ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ ఉడికించి, ఉప్పు లేకుండా చేసిన కూర. రెండు ముద్దలు తిని, "దీనికన్నా గోనెపట్టా ప్లాస్టరు నయం కదరా" అన్నాడు. మూడో ముద్ద తినలేదు.

ఊరు దాటి కృష్ణ కరకట్ట మీదుగా కొంత దూరం పోయి కిందికి దిగాం. అదే చోటు. రేకుల షెడ్డు కింద మా రాతితల్లి. ముఖానికి పసుపు, ముక్కుకు ముక్కుపుడక, ఒంటి మీద ఒకదాని మీద ఒకటి నాలుగైదు చీరలు. మోచేతుల దాకా భక్తులు తొడిగిన గాజులు. అన్ని పూతల కింద కూడా నాన్న వేళ్ళు తెలుస్తూనే ఉన్నాయి. ఆయన చేసే బొమ్మలన్నిటికీ చేతి వేళ్ళు కాస్త పొడుగు. ఒక వేలు పట్టుకుని అలాగే నిలబడ్డాను. చూసి అక్క కంగారుపడింది.

వ్యాను షెడ్డుకు వెనక వైపు, చింతచెట్టు నీడలో పెట్టాను. బావ నడవలేనన్నాడు. తలుపు తీసి, మెట్టు మీద కాళ్ళు పెట్టించి కూర్చోబెట్టాను. గుడి చూసుకునే ముసలావిడ కొబ్బరి చీపురుతో నేల ఊడుస్తూ వచ్చింది.

"ఎప్పుడన్నా వచ్చారా బాబూ ఇంతకు ముందు?" అని నన్ను అడిగింది.

బావ అందుకున్నాడు. "వీడు ఈవిడ కడుపునే పడ్డాడండి మామ్మగారూ. పది రోజులున్నాడు."

"తల్లి కడుపున పడనిదెవరు బాబూ" అంది ఆవిడ, ఎంతో సంతోషంగా.

"ఏవండీ, మీరు ఊరుకోండి" అని అక్క గదమాయించింది. జవాబు నా నాలుక చివర ఉంది. నా జన్మలో మొదటిసారి మింగేశాను.

బోరింగు నేను కొట్టాను, అక్క బిందె పట్టింది. పక్కనున్న నిచ్చెన మెట్లెక్కి తల మీద పోసింది. నీళ్ళు కిరీటం మీదుగా, ముఖం పక్కగా, చీరల మీదికి జారిపోయాయి. కళ్ళు పొడిగానే ఉన్నాయి.

వ్యాన్లోంచి బావ గొంతు వినపడింది. "నాకు రోజుకి అరలీటరు. ఆవిడకి బిందెలకి బిందెలు!"

"నోరు ముయ్యండి" అని అక్క అరిచింది. ముసలావిడ అక్క భుజం తట్టి, "తొందరపడకమ్మా. తల్లి కంట తడి పెట్టిందంటే ఇక మనం కంట తడి పెట్టక్కర్లేదు" అంది.

రెండో బిందె పోసింది. ఏమీ లేదు.

మూడో బిందె నింపేటప్పుడు అక్క ముఖం చూశాను. వార్డు బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు కూడా ఆ ముఖం అలా లేదు. కిరీటం పగుల్లోంచి నీళ్ళు లోపలి రేకు డబ్బాలోకి దిగుతాయి, డబ్బాలోంచి గొట్టంలోకి. గొట్టం తెరుచుకుని ఉన్న రోజు కన్ను తడుస్తుంది, పూడుకుని ఉన్న రోజు తడవదు. వచ్చినవాళ్ళ మొక్కులన్నీ ఆ గొట్టం మీద నడుస్తున్నాయి. ఈ సంగతి ఈ భూమ్మీద తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"ఫోను సిగ్నల్ లేదు, ఇప్పుడే వస్తా" అని చీపురులోంచి రెండు పుల్లలు లాక్కుని వెనక్కి వెళ్ళాను.

చెక్క తలుపు ఎప్పుడో పుచ్చిపోయినట్టుంది. దాని చోట ఒక రేకు అడ్డం పెట్టి, చీర కొంగు కప్పారు. రేకు పక్కకు జరిపాను. ఒకప్పుడు నేను మొత్తం పట్టిన కంతలో ఇప్పుడు తలా ఒక భుజమూ పట్టాయి. లోపల అదే వాసన, తడి గోనె, సున్నం. తడిమితే గొట్టం చేతికి తగిలింది, ఎండిపోయిన జెర్రిపోతులా బిరుసెక్కి ఉంది. హారను బంతి ఎప్పుడో చివికి రాలిపోయింది. గొట్టం కొసలో కందిరీగలు మట్టి కూరి పెట్టాయి. పుల్లతో పొడిచాను. పైన అక్క మూడో బిందె ఎత్తి పోసిన చప్పుడు. గొట్టం కొస నోట్లో పెట్టుకుని ఊదాను. మట్టి కదిలింది. తుప్పు నీళ్ళు సగం కంటి వైపు పోయాయి, సగం నా గొంతులోకి వచ్చాయి. దగ్గు తన్నుకొచ్చింది. మోచెయ్యి కొరుకుతూ ఆపుకున్నాను. పూర్తిగా ఆగలేదు.

బయట ముసలావిడ కేక పెట్టింది. "తడిసింది! కన్ను తడిసిందమ్మో!"

తల బయటికి లాక్కుని, వెనక్కి తిరిగాను. ఎదురుగా, పది గజాల దూరంలో, వ్యాను మెట్టు మీద బావ కూర్చుని ఉన్నాడు. నీడ ఉంది కదా అని నేనే అక్కడ కూర్చోబెట్టాను. మొత్తం చూశాడు. నా చేతిలో చీపురు పుల్ల ఉంది. ఇద్దరం నవ్వుకోవాల్సిన సందర్భం అది. నేను మొదలుపెట్టాను. బావ నవ్వలేదు.

ముందు వైపు వెళ్ళి చూస్తే, తల్లి కుడి కంట్లోంచి గోధుమరంగు చార ఒకటి చెంప మీదుగా గడ్డం దాకా దిగింది. అక్క రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. నా వంక చూడలేదు.

తిరుగు దారిలో అక్క వెనక సీట్లో పడుకుని నిద్రపోయింది. భట్టిప్రోలు, వేమూరు దాటాం. జంపని దగ్గర గేటు పడింది. ఇంజను ఆపాను.

"ఒరేయ్."

"ఏంటి బావా?"

"ఆ ఒక్కదాన్నీ వదిలెయ్యాల్సిందిరా."

నేను తేలిక చెయ్యబోయాను. "మట్టి తీశానంతే బావా. సర్వీసింగు."

"తియ్యకుండా ఉంటే రాలేదనుకునేవాణ్ణి. అయిపోయేది. లేకపోతే దానంతటదే వచ్చేదేమో. ఇప్పుడు వచ్చేదో రాదో నాకెలా తెలుస్తుంది?"

"అది బొమ్మని నీకు ముందు నుంచీ తెలుసు కదా!"

"తెలుసు" అన్నాడు, మూసిన గేటు వంక చూస్తూ. "తెలిసే ఏడ్చాను కదరా, పదకొండుసార్లూ."

రైలు పోయింది. గేటు లేచింది. వెనక కారువాడు హారను కొట్టే దాకా నేను బండి తియ్యలేదు. మనిషిని నవ్వించడం తప్ప ఇంకోటి నేర్చుకోలేదు నేను. తప్పయిందని మర్నాడు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. మళ్ళీ మంగళవారం, గురువారం, శనివారం. ఆస్పత్రికి తీసుకెళ్ళేటప్పుడూ తీసుకొచ్చేటప్పుడూ వ్యాన్లో పక్కనే కూర్చునేవాడు. ట్రాఫిక్ గురించి మాట్లాడేవాడు. నన్ను ఏమీ అనేవాడు కాదు. బావ నన్ను తిట్టడం మానేశాడంటే ఏమిటో నాకు అర్థమైంది. ఆ ఆదివారంతో కలిపి పంతొమ్మిదో రోజున మిషను మీద ఉండగానే పోయాడు. ఆ పూట సీసాలో రెండు గీతల నీళ్ళు మిగిలిపోయాయి.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాయి. చుట్టాలు వెళ్ళిపోయారు, షామియానా వాళ్ళు కర్రలు పీకుతున్నారు. అక్క పెరట్లో అరుగు మీద ఆ సీసా పట్టుకుని, పీచుతో మార్కరు గీతలు రుద్దుతోంది. అవి పోవడం లేదు. పక్కన కూర్చుని చెప్పేశాను. ఆ రోజు కన్ను దానంతటది తడవలేదని, వెనక నుంచి నేను పుల్లతో పొడిచి ఊదానని, చిన్నప్పటి నా కథ కూడా నిజమేనని.

అక్క రుద్దడం ఆపలేదు.

"చిన్నప్పుడు షూటింగుకి క్యారేజీ తెచ్చింది ఎవరనుకున్నావు? ఆ కంతలోంచి నీకు అన్నం అందించింది నేను కాదూ?"

నాకు ఆ సంగతే గుర్తు లేదు. చేతులు మాత్రం గుర్తున్నాయి, కంతలోంచి లోపలికి వచ్చే రెండు చేతులూ ఒక గిన్నే.

"మరి ఆ రోజు..."

"ఆ రోజూ తెలుసు. అమ్మవారికి బీడీ దగ్గు ఉంటుందంట్రా?"

"తెలిస్తే అక్కడే తిట్టాల్సింది కదక్కా."

"మీ బావ నమ్మాడేమోనని ఊరుకున్నాను."

బావ అంతా చూశాడని చెప్పడానికి నోరు రాలేదు. చెయ్యి చాచి సీసా ఇమ్మన్నాను, నేను రుద్దుతానని. ఇవ్వలేదు.

"నువ్వు కంట తడి చూస్తే కాస్త ధైర్యంగా ఉంటావని అలా చేశానక్కా" అన్నాను.

అక్క అప్పుడు తలెత్తింది.

"కన్నీళ్ళు కావాలని నిన్నెవరడిగార్రా? అవి నా దగ్గర బోలెడున్నాయి."